రెండు తలుపులు

"తెరుచుకుంది."

"తెరుచుకోలేదు నాన్నా."

"తెరుచుకుందంటుంటే! మీ అమ్మ ఎదురుగా కూర్చుని చూసి చెప్పింది. నువ్వు ఫోనులో చూశావు. అగ్గిపెట్టంత తెర మీద నీకేం కనబడిందే?"

"అగ్గిపెట్టె మీద చూసినా తలుపు తలుపేగా! పానా బాబాయి బయటే ఉండిపోయాడు. నిన్న మందుల షాపులో కౌంటరు వెనక కూర్చుని ఏడ్చాను కూడా. దగ్గు మందు కోసం వచ్చినాయన నాకే ఏదో జబ్బనుకుని జాలిపడి వెళ్ళాడు."

పొయ్యి దగ్గర టీ వడగడుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. భర్త వీపు వెనకనుంచి కూతురికేసి చూసి, పెదాల మీద వేలు పెట్టుకుని, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. కూతురు రొట్టెముక్క నమలడం ఆపేసింది. తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూసింది.

"ఏమోలే నాన్నా. నెట్ సరిగ్గా రాలేదు. మధ్యలో ఆగి ఆగి వచ్చింది" అంది చివరికి.

"అలా చెప్పు" అన్నాడాయన. చేత్తో బల్లని తడుముకుంటూ టీ కప్పు అందుకున్నాడు. "అయినా రూలు రూలే. పదింటికి వాళ్ళిద్దరూ వచ్చేదాకా ఎపిసోడు మాటెత్తకూడదు."

ఆ రూలు ఆయన పెట్టిందే. 'నక్షత్రాల ఒడ్డు' అనే సీరియలు శుక్రవారం సాయంత్రం ఏడింటికి వస్తుంది. 'గువ్వ' అనే అంతరిక్ష నౌకలో పన్నెండు మంది ఉంటారు. వాళ్ళలో ఆ నౌకని బాగుచేసే ముసలి మెకానిక్ ఒకడు. అతని చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది కాబట్టి చూసేవాళ్ళందరికీ అతను పానా బాబాయి. ఇరవయ్యారేళ్ళు లిఫ్టులు బాగుచేసిన ఆయనకి పానా బాబాయి అంటే సొంత అన్నదమ్ముడి కింద లెక్క. ఆయనతో పనిచేసిన వెల్డరూ స్టోర్ కీపరూ ఆదివారం పదింటికి ఇంటికొస్తారు. ముగ్గురూ కలిసి ఆ వారం ఎపిసోడుని నట్లు బోల్టులతో సహా విప్పి ఆరబోస్తారు. నాలుగేళ్ళుగా అదే వాళ్ళ గుడీ బడీ.

ఆరు నెలల కిందట కంటి నరాలు ఎండిపోవడం మొదలయ్యాక కూడా అది ఆగలేదు. ఇప్పుడాయనకి వెలుతురూ చీకటీ తెలుస్తాయి, అంతే. మాటలు ఆయన వింటాడు. మాటల్లేని చోట కూతురు పక్కన కూర్చుని తెర మీద ఏం జరుగుతోందో చెబుతుంది. దానికి ఇంట్లో ఒక పేరు కూడా పడిపోయింది. బొమ్మ చెప్పడం.

మొన్న శుక్రవారం కూతురికి షాపులో సాయంత్రం డ్యూటీ పడింది. బొమ్మ చెప్పే పని మొదటిసారి భార్య మీద పడింది. సరిగ్గా ఆ రోజే చివరి ఏడు నిమిషాలూ మాట లేదు, పాట లేదు. నౌక బయట చప్పుడే ఉండదట కదా, అలాగే తీశారు.

"ఏమైంది? బొమ్మ చెప్పు, బొమ్మ చెప్పు" అంటూ ఆయన ముందుకి వంగాడు.

తెర మీద పానా బాబాయి పగిలిన గొట్టాన్ని బిగించి, తాడు పట్టుకుని నౌకకున్న రెండు తలుపుల్లో బయటి తలుపు దగ్గరికి వచ్చాడు. గడియ కాలిపోయి ఉంది. పానాతో కొట్టాడు. లోపల పదకొండు మంది పక్కనున్న కిటికీ అద్దానికి అరచేతులు ఆనించి నిలబడ్డారు. ఎవరికీ చెయ్యడానికేమీ లేదు. అతని నెత్తి మీది దీపం సన్నగిల్లుతూ వచ్చింది. ఆమె తెరనే చూస్తూ కూర్చుంది.

"ఏంటే మాట్లాడవు?"

"తెరుచుకుంది" అనేసింది. "రెండు తలుపులూ తెరిచేశారు. అందరూ పరుగెత్తుకుంటూ వెళ్ళి పట్టుకున్నారు."

మూల కుర్చీలో కూర్చున్న అత్తగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కోడలికేసి ఒకసారి చూసి, "హమ్మయ్య, బతికాడు" అంది.

ఆయన వెనక్కి వాలాడు. "మంచిది" అని, టీవీ కట్టెయ్యమన్నాడు.

*

"ఏంటమ్మా ఇది?" కూతురు బాల్కనీలో ఆరేసిన దుప్పట్ల వెనక తల్లిని పట్టుకుంది. "ఇంకాసేపట్లో వెల్డరు బాబాయి వస్తాడు. ఆయన గుసగుసలాడినా మైకులో చెప్పినట్టే ఉంటుంది. అప్పుడేం చేస్తావు?"

"నేను చూసుకుంటాలే."

"సీరియల్లో మనిషి పోతే పోయాడని చెప్పడానికేంటి? నాన్నేమన్నా చంటిపిల్లాడా?"

ఆమె దుప్పటి అంచు సరిచేస్తూ నిలబడింది. కూతురికి తెలియని సంగతి ఇంకొకటుంది. అది తనకి తప్ప ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. రెండున్నర నెలలకి పైగా గొంతులో ముల్లులా పెట్టుకుని తిరుగుతోంది. మింగలేదు, కక్కలేదు. ఇంకో తొమ్మిది రోజుల్లో మళ్ళీ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రోజూ పొద్దున్నే లేవగానే ఆయన, "ఇంకెన్ని రోజులు?" అని అడుగుతాడు. అడిగి పనిముట్ల సంచి తెరిచి, ఒక్కో పానా తడిమి, నూనె గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టుకుంటాడు.

చెప్పులేసుకుని మెట్లు దిగి కిందకెళ్ళింది.

వెల్డరూ స్టోర్ కీపరూ అప్పుడే గేటు దగ్గరికి వచ్చారు. స్టోర్ కీపరు చొక్కా జేబు మీద నల్ల రిబ్బను ఉంది.

"ఇదేంటి తమ్ముడూ?"

"సంతాపం వదినా" అన్నాడు స్టోర్ కీపరు గంభీరంగా. "పానా బాబాయి పోయాడుగా. మా ఆవిడ నవ్వింది. నవ్వితే నవ్వనీ. అభిమానం ఉండాలి మనిషికి."

ఆమె సంగతి చెప్పింది. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"బతికాడని చెప్పేశావా? వచ్చే వారం ఏం చేస్తావు చెల్లెమ్మా?" అన్నాడు వెల్డరు.

"వచ్చే వారం సంగతి వచ్చే వారం అన్నయ్యా. ఈ ఒక్కరోజుకి మాట కలపండి. మీకు దణ్ణం పెడతాను. ముందా రిబ్బను తీసెయ్యి తమ్ముడూ."

"దాందేముంది వదినా, అన్నకెలాగూ కనబ..." అంటూ స్టోర్ కీపరు నాలిక కరుచుకున్నాడు. మారు మాట్లాడకుండా రిబ్బను తీసి జేబులో కుక్కుకున్నాడు. ముగ్గురూ బరువుగా మెట్లెక్కారు.

*

మామూలు ఆదివారాల్లో అయితే చెప్పులు విప్పకముందే గోల మొదలయ్యేది. ఆ రోజు ఇద్దరూ సోఫా అంచున బుద్ధిమంతుల్లా కూర్చున్నారు.

"ఏంట్రా, మూగ నోము పట్టారా?" అన్నాడాయన. "ఎలా ఉంది ఎపిసోడు?"

"బ్రహ్మాండం" అన్నాడు వెల్డరు.

"అద్భుతం" అన్నాడు స్టోర్ కీపరు. "పానా బాబాయి బతకడం... చాలా సంతోషం వేసింది."

"నీ గొంతు వింటే అలా లేదే. మీ మేనత్త పోయినప్పుడు కూడా ఇంత నీరసంగా మాట్లాడలేదు నువ్వు."

"జలుబు అన్నా."

అత్తగారు వక్కపలుకులు నములుతూ, "బండిలోకి వచ్చేశాడుగా, ఇంక వదిలెయ్యండిరా" అంది.

ఆయన వదల్లేదు. "సరే గానీ, ఏ తలుపు ముందు తెరుచుకుంది?"

"బయటిది" అన్నాడు వెల్డరు.

"లోపలిది" అన్నాడు స్టోర్ కీపరు. ఇద్దరి మాటా ఒకేసారి వచ్చింది.

ఆయన చిన్నగా నవ్వాడు. "ఆవిడేమో రెండూ ఒకేసారి తెరిచేశారంది."

స్టోర్ కీపరు వెల్డరుని మోచేత్తో పొడిచాడు.

"రెండూ ఒకేసారి తెరిస్తే ఏమవుతుందిరా? లోపలున్న గాలంతా బయటికి పోతుంది. పన్నెండు మందీ పోతారు. లిఫ్టయినా అంతేగా. పెట్టె వచ్చి నిలబడితే తప్ప బయటి తలుపు తెరుచుకోకూడదు. ఇరవయ్యారేళ్ళు నేను చేసిన పనేంటి? తెరుచుకోకూడని తలుపు తెరుచుకోకుండా చూడటం." ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "శుక్రవారమే తెలిసిపోయింది నాకు, పానా బాబాయి పోయాడని."

"అయితే పొద్దున నాతో ఎందుకు నాన్నా అంత వాదించావు?" అంది కూతురు.

"నువ్వెంతసేపు నిలబడతావో చూద్దామని. మీ అమ్మ సైగ చేసిందిగా? నువ్వు రొట్టె నమిలే చప్పుడు ఆగిపోయిందే, అప్పుడే తెలిసింది."

ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. "మీరు బాధపడతారని..." అంది.

"బాధపడతానని సీరియల్లో మనిషిని బతికించావు. బాగుంది." ఆయన గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండునని ఆమెకి అనిపించింది. "రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. ముక్కూమొహం తెలియని వాడి కోసం లేని తలుపు తెరిచింది కదా, మరి నా కోసం ఎన్ని తెరిచి ఉంటుంది? ఆ రోజు డాక్టరు గారి గదిలో, నా కంట్లో దీపం వేసి చూసి ఆర్పేశాక, చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఏం చేస్తున్నారని అడిగితే చీటీ రాస్తున్నారన్నావు. కలం చప్పుడు నాకు వినబడలేదు. ఆ కాసేపూ నువ్వేం చూశావు? బొమ్మ చెప్పు."

వెల్డరు లేచి నిలబడ్డాడు. "మేం మళ్ళీ వస్తాంరా."

"కూర్చో. నువ్వు బయటివాడివా?"

 ఇన్నాళ్ళూ ఎన్నో రకాలుగా చెప్పుకుని చూసుకున్న మాటల్లో ఇప్పుడు ఆమెకి ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు.

"డాక్టరు గారు మీ భుజం మీద చెయ్యేశారు" అంది చివరికి. "నాకేసి చూసి తల అడ్డంగా ఊపారు. ఏదో చెప్పబోయారు. నేను... నేను చేతులు జోడించాను. చెప్పొద్దని. అందుకే ఆయన చుక్కలు వాడండి, మూడు నెలల తర్వాత రండి అన్నారు. బయటికొచ్చాక మీరు బెంచీ మీద కూర్చుంటే, నన్ను పిలిచి చెప్పారు. ఇంక చూపు రాదట. మందుల్లేవట. ఎక్కడికి తీసుకెళ్ళినా అంతేనట."

"అమ్మా!" అంది కూతురు. "నేను రోజూ చుక్కలు వేస్తున్నాను. లెక్క తప్పకుండా వేస్తున్నాను. నాకైనా చెప్పాలనిపించలేదా?"

"నీకు చెబితే నీ మొహం నా మొహంలా అయ్యేది. ఈ ఇంట్లో ఒక్క మొహమైనా మామూలుగా ఉండాలనుకున్నాను."

"నా మొహం నాన్నకి కనబడదుగా అమ్మా!" అని కూతురు బావురుమంది. అన్నాక, అన్నందుకు మరింత ఏడ్చింది.

అత్తగారు కుర్చీలోంచి లేవడానికి ప్రయత్నించి, లేవలేక, కొడుకు వైపు చెయ్యి చాపింది. ఆ చెయ్యి ఆయన దాకా అందలేదు. చాపినట్టే ఉండిపోయింది.

"నన్ను ఏమైనా అనండి" అంది ఆమె. కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నా నీళ్ళు ఆగడం లేదు. "రోజూ పొద్దున మీరు ఇంకెన్ని రోజులని అడిగినప్పుడల్లా ఇవాళ చెప్పేద్దామనుకునేదాన్ని. మీరు సంచి తెరిచేవారు. ఆ పానాలు తుడుచుకుంటుంటే చూస్తూ నిలబడేదాన్ని. నా వల్ల కాలేదండీ. నాకు చేతకాలేదు."

 ఆయన కనబడని కళ్ళు కిటికీ వైపు, వెలుతురు వైపు తిప్పుకుని కూర్చున్నాడు.  ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. స్టోర్ కీపరు జేబులో చెయ్యి పెట్టి ఆ రిబ్బనునే నలుపుతూ కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఆ ఏడు నిమిషాలూ మళ్ళీ పెట్టు" అన్నాడు ఆయన.

"ఇప్పుడా నాన్నా?"

"పెట్టు. నువ్వు కాదు, మీ అమ్మ చెబుతుంది."

కూతురు కళ్ళు తుడుచుకుని టీవీ పెట్టింది. తల్లి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.  ఆయన చెయ్యి చాపితే పట్టుకుంది.

"తాడు పట్టుకుని వస్తున్నాడు" అంది. "మెల్లగా వస్తున్నాడు. తలుపు దగ్గరికి వచ్చాడు. గడియ నల్లగా కాలిపోయి ఉంది. పానాతో కొడుతున్నాడు."

"ఎన్నిసార్లు?"

"మూడు. ఇంకోటి. నాలుగు. లోపల అందరూ అద్దానికి చేతులు ఆనించారు. వాళ్ళలో చిన్న పిల్ల ఏడుస్తోంది. ఎవరూ తలుపు ముట్టుకోవడం లేదు."

"ముట్టుకోకూడదు" అన్నాడాయన మెల్లగా. "తర్వాత?"

"కొట్టడం మానేశాడు. పానాని తాడుకి కట్టేశాడు, ఎటూ పోకుండా. ఇప్పుడు అద్దం మీద వాళ్ళ చేతుల ఎదురుగా తన చెయ్యి పెట్టాడు. నెత్తి మీద దీపం సన్నబడుతోంది." ఆమె ఆగింది. ఆయన చెయ్యి గట్టిగా నొక్కాడు. "ఆరిపోయింది. తలుపు తెరుచుకోలేదండీ."

"ఊఁ" అన్నాడాయన.

వెల్డరు ముక్కు చీదుకున్నాడు. అత్తగారు ఈసారి హమ్మయ్య అనలేదు.

"డాక్టరు గారు కాగితమేమైనా ఇచ్చారా?"

"ఇచ్చారు." ఆమె లేచి వెళ్ళి, బట్టల బీరువా అరలో పరిచిన పేపరు కిందనుంచి నాలుగు మడతల కాగితం తెచ్చింది. "చూపు లేనివాళ్ళకి కర్రతో నడవడం, ఇంటి పనులూ నేర్పే చోటు. అడ్రసు రాసిచ్చారు. రోజూ పొద్దున తొమ్మిదింటికట."

ఆయన కాగితం తీసుకుని మడతలు విప్పకుండా వేళ్ళతో తడిమాడు. వంగి, కుర్చీ పక్కనున్న పనిముట్ల సంచి అందుకుని, స్టోర్ కీపరు కూర్చున్న వైపు నేల మీద జరిపాడు.

"ఇది స్టోరుకి ఇచ్చెయ్యి. కొత్తవాళ్ళకి పనికొస్తుంది. పన్నెండో నంబరు పానా మాత్రం కొంచెం జారుతుంది, చెప్పు."

"అన్నా..."

"చెప్పు, మర్చిపోకు." ఆయన తల తిప్పి, అందరూ ఎక్కడెక్కడ ఉన్నారో ఊపిరి చప్పుళ్ళను బట్టి వెతుక్కున్నాడు. ముందు తల్లి వైపు, తర్వాత కూతురి వైపు, చివరికి పక్కనున్న మనిషి వైపు. ఆ తర్వాత టీ అడిగినంత మెల్లగా చెప్పాడు.

"రేపటి నుంచి నేను అక్కడికి వెళ్తాను. కర్ర పట్టుకోవడం నేర్చుకుంటాను. మొదటి రోజు మీ అమ్మ నాతో వస్తుంది. దారి పొడుగునా బొమ్మ చెబుతుంది. గుంతలుంటే గుంతలని చెబుతుంది."