నూరు డిగ్రీల దారం

“బయలుదేరుతుంది, చేరదు.”

శత్రువుల వైర్‌లెస్‌లో పట్టుబడిన సందేశం అంతే. చీఫ్ దాన్ని ఫోన్లో మాస్టారికి రెండుసార్లు చదివి వినిపించాడు. విమానమంతా గాలించారు, బాంబు లేదు. సముద్రం అవతలికి ఈ మధ్యాహ్నమే దాని తొలి ప్రయాణం. లోపల రెండువందల పన్నెండు మంది. వాళ్లలో ఒకామె ఆ శత్రువుల ముఠా గుట్టు కోర్టులో విప్పబోయే సాక్షి.

ఆమెను ఎక్కించింది మాస్టారే. ఒకప్పుడు లెక్కలు చెప్పి, తర్వాత గూఢచారి శాఖలో చేరినవాడు. “మీరు ఎక్కమంటే ఎక్కుతానన్నయ్యా,” అంటూ ఆమె మెట్లెక్కింది. ఆ మాటే మాస్టారి చెవుల్లో తిరుగుతోంది.

విమానాల ప్రయాణ లెక్కలు కట్టే డిస్పాచ్ గదిలో గుమాస్తా వేషంలో కూర్చుని ఫ్లైట్ ప్లాన్ తిరగేశాడు. కంప్యూటర్ కట్టిన దూరం 5,100. ఇంధనం దానికి తగ్గట్టే ఉంది. అయినా మనసొప్పక, అక్కడి పాతకాపులు చేసే పని చేశాడు. బీరువా మీది గ్లోబు దించి, రెండు విమానాశ్రయాల మధ్య దారం బిగబట్టి, అంత దారాన్నీ భూమధ్యరేఖ వెంట పరిచాడు. నూరు డిగ్రీలు. డిగ్రీకి అరవై నాటికల్ మైళ్లు.

ఆరువేలు.

దారం తీసి మళ్లీ కొలిచాడు. మళ్లీ ఆరువేలే. చేరాల్సిన ఊరి రేఖాంశాన్ని ఎవరో కంప్యూటర్లో జరిపేశారు. తొమ్మిదివందల మైళ్ల ఇంధనం తక్కువ. ఆ తొమ్మిదివందల మైళ్లూ నీళ్లే.

“దొరికింది,” అన్నాడు పక్కనే ఉన్న నెమలితో. కంప్యూటర్ పని తెలిసిన మనిషని పొద్దున శాఖే ఆ మారుపేరుతో సాయానికి పంపిన అందగత్తె ఆమె. కోడ్ మాట కూడా సరిగ్గానే చెప్పింది.

నెమలి దారం వంక చూసి నవ్వి, తలుపు గడియ పెట్టింది. హ్యాండ్‌బ్యాగులోంచి సైలెన్సర్ పిస్టల్ తీసింది.

“ఇంత కష్టపడి మారిస్తే, దారప్పోగుతో పట్టేశారే. కూర్చోండి మాస్టారూ. నాలుగు నిమిషాల్లో విమానం లేస్తుంది.”

రేడియో గరగరలాడింది. రన్‌వే చివర నుంచి కెప్టెన్. దూరం ఆఖరిసారి సరిచూసుకోనిదే ఆయన కదలడు. కాగితంలో ఉన్న అంకె చదవమంది నెమలి. పిస్టల్ చెవి వెనక చల్లగా ఆనింది.

మాస్టారు నీళ్లకోసం వెతికాడు. బల్ల మీద ఎవరో వదిలేసిన గ్లాసులో గుక్కెడు నీళ్లున్నాయి. తాగనిచ్చింది, అంతవరకు దయగలదే. గుక్క మింగి, మైకు అందుకున్నాడు.

“ఐదువేల వంద కిలోమీటర్లు.”

ఆ గదిలో గాని, కాక్‌పిట్‌లో గాని అంకె పక్కన కొలత పేరు ఎవరూ పలకరు. నాటికల్ మైళ్లేనని అందరికీ తెలుసు. నెమలికి తెలిసింది కంప్యూటరే.

“మళ్లీ చెప్పండి.”

“ఐదువేల వంద కిలోమీటర్లు, కెప్టెన్.”

“అర్థమైంది.”

ఇంజన్లు హోరెత్తాయి. ఏం అర్థమైందో తెలియక మాస్టారు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని వింటున్నాడు. హోరు పెరిగి, పెరిగి, సన్నగిల్లింది. కళ్లు తెరిచేసరికి, విమానం తోక తిప్పుకుని గేటు వైపు వస్తోంది.

“ఏం చెప్పావు వాడికి?” నెమలి కిటికీలోంచి చూపు తిప్పేలోపే తలుపు విరిగిపడింది. కెప్టెన్ కబురందుకున్న భద్రతా సిబ్బంది ఆమె చేతులు విరిచి పట్టుకున్నారు.

“దూరమేనమ్మా,” అన్నాడు మాస్టారు.

చీఫ్ ఫోన్ చేశాడు. సాక్షి క్షేమంగా దిగిందట, అన్నయ్య ఏడని అడుగుతోందట. అంతా చెప్పి, ఉండబట్టలేక అడిగాడు: “మీకు తుపాకీ ఇచ్చాం కదా, ఏం చేశారు?”

“సొరుగులో భద్రంగా ఉంది సార్. తాళంచెవే, భయంలో ఎక్కడ పెట్టానో వెతుకుతున్నాను.”