పాలన్నం

ఆ సాయంత్రం గ్రహణం వేళ తాను గడప దాటడం వల్లనే బిడ్డ ఇలా పుట్టాడా...? ఏళ్ల తరబడి ఈ అనుమానం రసజ్ఞ గుండెను కొరుకుతూనే ఉంది. అప్పుడు కడుపుతో ఉంది. సెలవు దొరకలేదు. నానక్‌రామ్‌గూడ నుంచి ఆఫీసు బస్సులో, పొట్ట మీద చున్నీ కప్పుకుని ఇల్లు చేరింది. తర్వాత చిన్నుకి మెడ నిలవనప్పుడు, మాట రానప్పుడు, చెబితే విన్నావా అంటూ అత్తగారు వీరలక్ష్మి దెప్పిపొడిచేది. ఆవిడ పరాయి మనిషా? సొంత మేనత్త! స్వామీ, తప్పు నాదైతే శిక్ష పసివాడికెందుకని దీపం ముందు రసజ్ఞ రోజూ అడిగేది.

చివరికి గచ్చిబౌలిలో ఒక డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించి జబ్బు పేరు చెప్పింది. పాలు, పప్పు వాడి ఒంట్లో విషమై మెదడుకెక్కుతాయట. ఆవిడ రాసిచ్చిన పొడి, కొలిచిన అన్నం తప్ప ఏమీ పెట్టకూడదంది. ఎండిపోతున్న మనవణ్ణి చూస్తూ వీరలక్ష్మి ఓర్చుకోలేకపోయింది. దేవుడికి నివేదించిన పాలన్నం హాని చేస్తుందా అనుకుని, కోడలు ఆఫీసుకెళ్లగానే రోజూ తినిపించింది. ఒకనాడు రసజ్ఞ వచ్చేసరికి బిడ్డ వాంతులతో, పిలిచినా పలకక చేతుల్లో వాలిపోయాడు...!

రోజూ పాలన్నం పెడుతున్నానని ఆసుపత్రికి వెళ్లే దారిలోనే వీరలక్ష్మి ఒప్పుకుంది. అక్కడ డాక్టరమ్మ, మీ ఇంట్లో పసితనంలో పోయినవాళ్లున్నారా అని అడిగింది. రసజ్ఞ భర్త ఆదర్శ్ లేరన్నాడు.

"ఉన్నాడండీ," అంది గోడవారగా నిలబడ్డ వీరలక్ష్మి. "ఆదర్శ్ కన్నా ముందు ఒక మగపిల్లాడు. అచ్చం ఇలాగే..."

ఆవిడదీ మేనరికమే. తల్లి నుంచీ తండ్రి నుంచీ కలిసి వచ్చే లోపమిదని, రక్తసంబంధాల్లో ఎక్కువగా బయటపడుతుందని డాక్టరమ్మ చెప్పింది.

వీరలక్ష్మి కోడలి వైపు తిరిగింది. "రసా, ఆ బిడ్డ కడుపులో ఉన్నప్పుడు నేను గ్రహణానికి చీకటి గదిలో కదలకుండా పడుకున్నానే. అయినా వాడు పోయాడు. అది తెలిసి కూడా నిన్నన్నాను."

పాలన్నం పెట్టిన ఆ చేతుల్ని చూస్తే రసజ్ఞకు ఒళ్లు మండుతోంది. కానీ ఆ మనిషి ఒక బిడ్డను పోగొట్టుకుని, ఎవరి దగ్గరా ఏడవకుండా ఇన్నేళ్లు బతికింది...! రసజ్ఞ పక్కకు జరిగి, కూర్చోమని చోటిచ్చింది.

చిన్ను కళ్లు తెరిచాడు. నవ్వు మాత్రం రాలేదు. కూర్చోవడం మళ్లీ మొదటి నుంచి నేర్పాలన్నారు, నడక సంగతి చెప్పలేమన్నారు.

ఇల్లు చేరాక వీరలక్ష్మి బీరువాలోంచి మడత విప్పని చీర తెచ్చింది.

"పురిటి స్నానం నాడు నీకు పెట్టాల్సింది. గ్రహణం నాడు గడప దాటావని మనసొప్పక దాచేశాను. ఇంతకాలం బాకీ పడ్డానమ్మా."

రసజ్ఞ రెండు చేతుల్లోనూ చిన్ను ఉన్నాడు. అందుకని అత్తే బొట్టు పెట్టి, ఆ చీరను ఆమె భుజాల చుట్టూ కప్పింది.