ఆవిడ సమయం ఖరీదు

ఆ ఇంట్లో పొద్దుటి పూట ఎవరి తొందర వాళ్ళది. ఇంటాయన తన కళ్ళద్దాల దుకాణం తాళంచెవుల కోసం చొక్కా జేబులన్నీ తడుముకుంటుంటాడు. ఆయన భార్య కాలేజీలో అర్థశాస్త్రం చెబుతుంది కాబట్టి వీధి వీధంతా ఆమెను లెక్చరరమ్మ అనే పిలుస్తారు. ఆమె నిలబడే టీ తాగుతూ ఆ రోజు చెప్పాల్సిన పాఠం తిరగేస్తుంటుంది. కూతురు బుల్లి ఫోను గ్లాసుకు ఆనించి పెట్టుకుని, దాన్నే చూస్తూ రొట్టె నములుతుంటుంది. ఈ ముగ్గురిలో ఎవరికి ఏం కావాలో, అది ఎక్కడుందో తెలిసిన మనిషి మాత్రం పొయ్యి దగ్గరుంటుంది. ఆవిడ ఇంటాయనకు అక్క, బుల్లికి మేనత్త. ఆవిడకు చెప్పకుండా ఆ వంటింట్లో ఉప్పు డబ్బా కూడా చోటు మారదు.

బుల్లి కూడా తల్లి పనిచేసే కాలేజీలోనే బిజినెస్ మొదటి సంవత్సరం చదువుతోంది. తల్లి క్లాసులో కూతురు కూర్చోవడం బాగుండదని ఆమెను వేరే సెక్షన్‌లో వేశారు. అక్కడి మాస్టారు చెప్పేది ఆయనకైనా అర్థమవుతుందో లేదో తెలియదు. పరీక్షలు దగ్గరపడేసరికి, కాలేజీ వాళ్ళు రికార్డు చేసి పెట్టిన తల్లి పాఠాలే బుల్లికి గతి అయ్యాయి. ఆ ఉదయం ఇయర్‌ఫోన్లు కనబడక, ఫోను గట్టిగానే మోగుతోంది.

"ఒకటి ఎంచుకున్నామంటే ఇంకోటి వదులుకున్నట్టే," అంటోంది ఫోనులో లెక్చరరమ్మ గొంతు. "అలా వదులుకున్న వాటిలో అన్నిటికంటే మంచిదేదో, అదే ఎంచుకున్నదాని అసలు ఖరీదు. దాన్నే అవకాశ వ్యయం అంటాం. మా ఇంట్లో మా ఆడపడుచుగారున్నారు. పొద్దున లేచింది మొదలు ఇంటి పనే. ఆ పని చేయకపోతే ఆవిడ ఇంకేం చేసేవారు? ఏమీ లేదు! మరి ఆవిడ సమయం ఖరీదెంత?"

"సున్నా!" క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. వెంటనే నవ్వులు. ఆ నవ్వుల్లో లెక్చరరమ్మ నవ్వు కూడా కలిసింది.

బుల్లి చటుక్కున ఫోను ఆపింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"మళ్ళీ పెట్టు," అంది మేనత్త, పొయ్యి కట్టేస్తూ.

"అదేం లేదత్తా, పాఠం..."

"పెట్టమన్నానా!"

రెండోసారి ఆ సున్నా మొదటిసారికన్నా గట్టిగా వినిపించింది. లెక్చరరమ్మ కప్పు కింద పెట్టి, "అది ఒట్టి ఉదాహరణ వదినా. పిల్లలకి సులువుగా అర్థం కావాలని చెప్పాను," అంది.

"అర్థమైందిగా! ఎంత బాగా అరిచారో విన్నావు కదా. నాక్కూడా అర్థమైంది."

ఇంటాయన గొంతు సవరించుకున్నాడు. "అక్కా, వాళ్ళ సబ్జెక్టులో మాటలకి అర్థాలే వేరు..."

"నువ్వూరుకోరా. నీకు దుకాణానికి టైమైంది, వెళ్ళు."

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో మాటా మాటా పెరిగినప్పుడల్లా దుకాణం గుర్తొచ్చే మనిషాయన. అప్పటిదాకా కనబడని తాళంచెవులు కూడా అప్పుడే దొరికాయి. ఆయన వెళ్ళిపోయాక తలుపు చప్పుడు ఆగకముందే లెక్చరరమ్మ కూడా బిగుసుకుంది. ఇంతకాలం కడుపులో దాచుకున్నదంతా ఆమె నోటిదాకా వచ్చేసింది.

"సరే, అన్నాను. మీరు నన్నేం చేశారో అది కూడా చెప్పుకుందాం. ఈ వంటింట్లో నన్నెప్పుడైనా పొయ్యి వెలిగించనిచ్చారా? ఒక చెంచా కావాలన్నా మిమ్మల్ని అడిగి తీసుకోవాలి. నా కూతురికి జ్వరమొస్తే నా దగ్గరికి రాదు, మీ మంచమెక్కుతుంది. నా ఇంట్లో నేను చుట్టాన్ని వదినా!"

"పసిగుడ్డుని నా ఒళ్ళో పడేసి లైబ్రరీకి పరిగెత్తిందెవరు?"

"నేను చూసుకుంటానని మీరే అన్నారు!"

"అనకేం చెయ్యను? ఇంకెవరున్నారు? చొక్కాల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్‌ని నేను. నేను గీత గీస్తేగానీ అక్కడ ఎవ్వరి కత్తెరా బట్ట మీద పడేది కాదు. కొత్త యూనిట్ పెడుతున్నాం, కటింగ్ సెక్షనంతా నువ్వే చూసుకోవాలని పిలిచారు. ఆ ముక్క చెప్పావా నీ పిల్లలకి?"

"మీకే వెళ్ళాలని లేదన్నారు. నా ఎదురుగా అన్నారు."

"అన్నాను. నువ్వు నమ్మావు. నమ్మితే నీకు హాయి కదా మరి!"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. తగిలిన చోట మండితే మనిషి ఏం మాట్లాడుతుందో ఆమెకే తెలియదు. "ఎప్పటి సంగతో ఇప్పుడెందుకు తవ్వుతున్నారు? అంత బాధుంటే అప్పుడే వెళ్ళాల్సింది. ఇప్పుడు ఎక్కడికెళ్తారు మీరు?" అనేసింది లెక్చరరమ్మ.

అన్నాక నాలుక కరుచుకుంది. బుల్లి అమ్మ వైపు చూసిన చూపులో అసహ్యం ఉంది. ఆ చూపును లెక్చరరమ్మ చాలాకాలం మరిచిపోలేకపోయింది.

మేనత్త చేతులు తుడుచుకుని, మంచి చెప్పులు వేసుకుంది. "ఎక్కడికెళ్తానో తర్వాత చూద్దాం. ముందు నీ క్లాసుకొస్తాను. నేను లేనప్పుడు అన్న మాట నేనుండగా అను, వింటాను," అంది. ఆ మనిషి ఒకసారి చెప్పులేసుకుందంటే ఆపడం ఎవరితరమూ కాదు. బుల్లి కుక్కిన పేనులా వెంట నడిచింది.

కాలేజీ గేటు దగ్గర కాపలా మనిషి వాళ్ళను ఆపాడు. "ఎవరమ్మా మీరు?"

"మీ లెక్చరరమ్మ పాఠంలో ఉదాహరణని," అని లోపలికి వెళ్ళిపోయింది మేనత్త. ఆయన ఆ హోదా ఏదో పెద్దదే అయ్యుంటుందనుకుని నమస్కారం పెట్టాడు.

అది పరీక్షల ముందు పాత పాఠాలు తిరగేసే క్లాసు. ఆఖరి బెంచీలో బుల్లి పక్కన కూర్చున్న పెద్దావిణ్ణి పిల్లలెవరూ పట్టించుకోలేదు. లెక్చరరమ్మ మాత్రం వచ్చీ రాగానే చూసింది. ధరలు, గిరాకీ, సరఫరా అంటూ ఎక్కడెక్కడో తిరిగింది కానీ అవకాశ వ్యయం జోలికి మాత్రం పోలేదు. ఆమె దాటేసినా ముందు వరసలోని అమ్మాయి దాటనివ్వలేదు.

"మేడమ్, పరీక్షలో సున్నా వదినగారి ఉదాహరణే రాసేయొచ్చా? సీనియర్లంతా అదే రాశారట!"

క్లాసు గొల్లుమంది. తన వదినకు అక్కడ ఒక పేరే స్థిరపడిపోయిందని లెక్చరరమ్మకు అప్పుడు తెలిసింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది.

"వద్దు. ఆ ఉదాహరణ తప్పు," అంది. "ఇంకేం చేసేవారు అని మిమ్మల్ని అడిగి, ఏమీ లేదని నేనే చెప్పాను. అది అబద్ధం. ఆవిడ చొక్కాల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్. కొత్త యూనిట్‌లో కటింగంతా చూసుకోవడానికి రమ్మన్నారు. అప్పుడు నాకు పాప పుట్టింది, నా డాక్టరేట్ సగంలో ఉంది. ఆవిడ వెళ్ళలేదు. నేను ఇక్కడ నిలబడి పాఠం చెబుతున్నానంటే, దాని ఖరీదు కట్టింది ఆవిడ."

ప్రశ్న అడిగిన అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, తక్కినవాళ్ళు అందుకున్నారు. లెక్చరరమ్మకు గుండె బరువు దిగినట్టనిపించింది. నిజం చెప్పాలంటే, పాఠం బాగా వచ్చిందని కూడా ఒక్క క్షణం అనిపించింది.

ఆఖరి బెంచీలోంచి మేనత్త లేచింది.

"బాగా చెప్పావమ్మా. ఇన్నాళ్ళూ నన్ను చూపించి నవ్వించావు. ఇవాళ నన్నే చూపించి ఏడిపించావు. రెండింటికీ నేనే దొరికానా నీకు?"

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆవిడ తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

లెక్చరరమ్మ ఉద్యోగంలో చేరినప్పటినుంచీ క్లాసు మధ్యలో వదిలి ఎరగదు. ఆ రోజు వదిలేసింది. మేనత్త మెట్ల మీద కూర్చుని ఉంది. అంత ఎత్తు మనిషి అంత చిన్నగా కూర్చోగలదని లెక్చరరమ్మ ఎప్పుడూ అనుకోలేదు.

"వెళ్ళు. పిల్లల్ని వదిలేసి వచ్చావు," అంది మేనత్త తల తిప్పకుండా.

"వాళ్ళెక్కడికీ పోరు. ఉంటారు."

"నేనూ ఉంటాననేగా ఇన్నాళ్ళూ నీ ధైర్యం!"

లెక్చరరమ్మ దుమ్ము మెట్టని కూడా చూడకుండా ఆవిడ పక్కనే కూలబడింది. క్లాసులో ధారాళంగా వచ్చిన మాటలు ఇక్కడ రావడం లేదు. ఇక్కడ మెచ్చుకునేవాళ్ళు లేరు, చప్పట్లు లేవు.

"మీ దగ్గర అంత పెద్దది తీసుకున్నానని ఒప్పుకుంటే, ఈ ఉద్యోగంలో నాకు ఊపిరాడదు వదినా," అంది చివరికి. "మీరు వదులుకున్నది ఏమీ లేదనుకుంటే నేను తీసుకున్నదీ ఏమీ లేదు. అలా అనుకోవడం అలవాటైపోయింది. పిల్లలు నవ్వుతుంటే అదే నిజమనిపించింది."

"నేనూ తక్కువదాన్నేం కాదులే," అంది మేనత్త. "నా ఉద్యోగం పోయిందన్న కసి నీ మీద తీర్చుకున్నాను. నీ వంటిల్లు లాక్కున్నాను. పిల్లని కూడా నీకు దక్కనివ్వలేదు. అది నీ దగ్గరికి వెళ్తుంటే ఏదో వంకన పిలిచేదాన్ని. తెలిసే చేశాను."

ఈ మాటకు లెక్చరరమ్మకు కోపం రావాల్సింది. కానీ ఏడుపొచ్చింది. మేనత్తే మళ్ళీ అందుకుంది. "వంట చేయించుకున్నావని కాదే నా బాధ. ఉంటావా అని నన్నెవరూ అడగలేదు. నువ్వూ అడగలేదు, నా తమ్ముడూ అడగలేదు. ఉంటానని మీ అందరికీ తెలిసిపోయింది, అంతే."

"ఇప్పుడు అడుగుతున్నాను. ఉంటారా వదినా?"

మేనత్త వెంటనే అవుననలేదు. ఈ మనిషి లేని ఇల్లెలా ఉంటుందో లెక్చరరమ్మ ఏనాడూ ఊహించుకోలేదు.

"మార్కెట్ పక్కన టైలరింగ్ స్కూలుంది. కటింగ్ నేర్పడానికి రమ్మని ఎప్పట్నుంచో అడుగుతున్నారు. పైన గది కూడా ఇస్తారట," అంది మేనత్త. "మీకెవరికీ చెప్పలేదు. వెళ్తే బుల్లి రోజూ నా కళ్ళ ముందుండదు. వెళ్ళకపోతే ఆ కత్తెర ఇక ఈ జన్మకి పట్టుకోను. ఏది వదులుకోగలనో నాకే తెలియడం లేదు. ఆలోచించుకోవాలి."

"ఆలోచించుకోండి. నేను తొందరపెట్టను," అంది లెక్చరరమ్మ, వెక్కిళ్ళు ఆపుకోలేక.

మేనత్త ఆమె భుజం పట్టి కుదిపింది. ఆ పట్టులో విసుగూ ఉంది, ప్రేమా ఉంది. "ఏడవకు. అప్పుడూ నువ్విలాగే ఏడిస్తే వెళ్ళాలని లేదని చెప్పాను. ఇప్పుడూ ఏడ్చావంటే ఉంటాననేస్తాను."

లెక్చరరమ్మ రెండు చేతులతో గబగబా కళ్ళు తుడుచుకుంది.