ఇరవయ్యో నంబర్

‘నోరు లేనివాళ్లు నలుగురు కావలెను.’

ఊర్మిళ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. కోరుట్లలో సర్కారువారి మరమగ్గాల శిక్షణ కేంద్రంలో ఆమె టీచరు. పనివాళ్లు కావలసిన యజమానులు ఎంతమంది కావాలో, ఎలాంటివాళ్లు కావాలో ఒక ఫారం మీద రాసివ్వాలి. ఇప్పటిదాకా అందరూ ‘పనిమంతులు’, ‘నమ్మకస్తులు’ అని రాసినవాళ్లే.

“గిది ఎవరు రాసిన్రు?”

“నేనే.” ఎదురుగా ఇస్త్రీ చొక్కా వేసుకున్న యువకుడు నిలబడి ఉన్నాడు. “మదన్ మోహన్ రావు. సిరిసిల్లల నాయి ఎనిమిది సాంచెలున్నయి.”

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. ఎనిమిది సాంచెలంటే ఎనిమిది ఉరుములు.

“నోరు లేనోళ్లు ఎందుకండి?”

“నోరున్నోళ్లు నలుగురు నాతోటి లొల్లి వెట్టుకొని బొంబాయి దిక్కు భీవండి మిల్లులకు పోయిన్రు.”

“సాంచెలు నడుస్తుంటే మన మాట మనకే ఇనవడది. వాళ్ల నోరు మీకెట్ల ఇనవడ్డది?”

“సాంచెలు ఆపి మరీ అరిసిన్రు!”

మూలన మగ్గానికి నూనె వేస్తున్న ఫజలుద్దీన్ మాస్టర్ భుజాలు కదిలాయి. ఆయన నవ్వితే శబ్దం రాదు, భుజాలే నవ్వుతాయి.

ఊర్మిళ మాత్రం నవ్వలేదు. “తెగిన పోగు అతుకుడు వస్తదా మీకు?”

“నేను ఓనర్ని.”

“అందుకే అడుగుతున్న.”

మదన్ ఇస్త్రీ చొక్కా మడతలు సర్దుకున్నాడు. మదన్ వాళ్లు మొన్నమొన్నటిదాకా ఊళ్లో గడీ ఉన్న దొరలు. ఊళ్లో ఉండలేని రోజులు వచ్చి సిరిసిల్ల చేరారు. సాంచెలు కొన్నారు గాని, పని నేర్చుకోవాలని ఎవరికీ తోచలేదు.

“మీ పిల్లలు ఎప్పుడు తయారైతరో చెప్పున్రి. నలుగురిని తీస్కపోత.”

“తయారైతరో లేదో నాకే తెల్వది” అంది ఊర్మిళ. మొదటిసారి ఆమె గొంతు తగ్గింది.

నక్సలైటు అన్నల కాలం అది. పేరు ఏ జాబితాలోకి ఎక్కినా అది పోలీసుల చేతిలో పడుతుందో, అన్నల చేతిలో పడుతుందోనని ఊళ్లల్లో భయం. అందుకే ఊర్మిళ హాజరు పట్టీలో పేర్లు పిలిచేది కాదు, నంబర్లు పిలిచేది. అయినా ఇరవయ్యో నంబరు మొగిలిని వాళ్ల నాయన భయపడి మొన్న భీవండి బస్సెక్కించాడు. సోమవారం జగిత్యాల నుంచి ఆఫీసరు వస్తాడు. ఇరవై తలలు లేకపోతే బ్యాచ్ రద్దు. పందొమ్మిది మంది ఇళ్లకు పోతారు. ఊర్మిళ మల్లాపూర్ పోయి మళ్లీ నాయన మగ్గం పక్కన కండెలు చుడుతుంది.

అంతా విన్న మదన్ తల గోక్కున్నాడు. ఫజలుద్దీన్ చేతులు తుడుచుకుంటూ లేచాడు.

“సేటూ, ఉమర్ ఎంత మీకు?”

“ఇరవై ఆరు. ఎందుకు?”

“పద్దెనిమిది నుంచి ముప్పై అయిదు దాకా ఉండాలె. ఉన్నరు. చదువు?”

“బీకాం.”

“సంతకం వస్తది. ఇంక పనిలేనోళ్లయి ఉండాలె.”

“మాస్టర్‌సాబ్, నేను ఓనర్ని!”

“సాంచెలు నడుస్తున్నయా?”

“...లేవు.”

“ఆగిన సాంచెల ఓనర్ కంటే పనిలేనోడు ఎవడున్నడు సేటూ?”

మదన్ ఊర్మిళ వైపు చూశాడు. ఆమె అప్పటికే రిజిస్టరు ముందుకు జరిపింది.

“పేరు రాసి పోతానంటే నడువది” అంది. “మూడు నెలలు రోజూ రావాలె. తొమ్మిదింటికి.”

“సిరిసిల్ల నుంచా?”

“బస్సులున్నయి.”

“మరి నా నలుగురు?”

“మీరు నేర్చుకున్నంక వాళ్లే వస్తరు. పని తెలిసిన ఓనర్ దగ్గర ఎవలైనా ఉంటరు.”

అతను సంతకం చేశాడు. ఎందుకు చేశాడో బస్సెక్కి వేములవాడ దాటేదాకా అతనికే తెలియలేదు.

సోమవారం ఆఫీసరు పురుషోత్తం రావు వచ్చి తలలు లెక్కపెట్టాడు. ఇస్త్రీ చొక్కా దగ్గర ఒక్క క్షణం ఆగాడు గాని, లెక్క ఇరవై వచ్చేసరికి ఊరుకున్నాడు. పోతూ పోతూ ఊర్మిళతో అన్నాడు: “చివర పరీక్షల ఒక్కరు తప్పినా రెండో బ్యాచ్ ఉండదమ్మా. సెంటర్ ధర్మపురికి పోతది.”

ఆ ఒక్కరు ఎవరో ఊర్మిళకు మొదటి రోజే అర్థమైంది.

“ఇరవై!”

“ప్రెజెంట్ టీచర్. ఒక్కసారి పేరు వెట్టి పిలువరాదా?”

“ఈడ పేర్లుండయి.”

“నా పేరంటే ఎవ్వరికీ భయం లేదు గదా!”

“నీ ముడి చూస్తే మాత్రం పోగుకు భయమైతది. తియ్యి, మళ్ల కట్టు.”

రెండో రోజుకే ‘మీరు’ పోయింది. క్లాసులో అందరికీ ఒకటే మాట అని ఆమె చెప్పింది. అతను ఒప్పుకున్నాడు.

ఒక రోజు గంట ఆలస్యంగా వచ్చాడు.

“బస్సు ఆపి పోలీసులు అడిగిన్రు టీచర్, ఏం పని చేస్తవని. నా ట్రైనింగ్ కార్డు చూపెట్టిన. చేతులు చాపుమన్నరు. వేళ్ల మీద పోగు కోతలు చూసి పో అన్నరు.” చేతులు ముందుకు చాపాడు. “గీ కోతలు నువ్వు పెట్టినయే. కాపాడినవు.”

ఊర్మిళ ఆ వేళ్లను అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువసేపు చూసింది. తర్వాత రిజిస్టరులో గైర్హాజరు వేసింది.

రెండు నెలలు గడిచాయి. పందొమ్మిది మందికీ పోగు అతకడం వచ్చింది. ఇరవయ్యో నంబరుకు రాలేదు. ముడి జారేది, పోగు చిక్కుపడేది. “టీచర్!” అని కేక పడేది. ఊర్మిళ పోయి పక్కన నిలబడి, రెండు వేళ్ల మధ్య పోగు పట్టి, తిప్పి, లాగి చూపించేది. అతను పోగు తప్ప అన్నీ చూసేవాడు.

పరీక్ష ఇంకో వారం ఉందనగా జోరువాన. తడుస్తూ వచ్చిన ఊర్మిళ కిటికీ బయట చూరు కింద ఆగి, కొంగు పిండుకుంటూ లోపలికి చూసింది.

మదన్ ఏడో నంబరు పిల్లవాడికి వేగంగా అతకడం నేర్పుతున్నాడు. “గిట్ల వట్టు. గిట్ల తిప్పు. అయిపాయె!” ఒకటి, రెండు, అయిదు పోగులు చిటికెలు వేసినట్టు అతికాయి.

“నీకింత మంచిగ వస్తది గదా అన్నా, మరి రోజూ టీచర్‌ను ఎందుకు పిలుస్తవ్?”

“నీకు పెండ్లీడు వచ్చినంక చెప్త.”

వాన చప్పుడులో ఊర్మిళ నవ్వు కలిసిపోయింది. కాసేపటికి ముఖం సర్దుకొని లోపలికి వచ్చింది.

“టీచర్! పోగు తెగింది!”

“మాస్టర్‌సాబ్,” అంది ఊర్మిళ తల ఎత్తకుండా, “ఇరవై నంబర్ దగ్గరికి మీరు పోన్రి. ఇగ పరీక్ష దాకా మీరే చూడున్రి.”

ఫజలుద్దీన్ పాన్ నములుతూ వచ్చి మదన్ పక్కన ఆనుకుని నిలబడ్డాడు. వారం రోజులూ అక్కడే నిలబడ్డాడు.

పరీక్ష రోజు పొద్దున మదన్ ఆమెకు తలుపు దగ్గర అడ్డం వచ్చాడు.

“టీచర్, ఫెయిలైతే ఇంకో మూడు నెలలు రావొచ్చునా?”

“ఫెయిలైతే నువ్వు వచ్చేటందుకు ఈడ సెంటరే ఉండది. ధర్మపురి పోతది. రెండో బ్యాచ్‌కు బయట ముప్పై మంది పేర్లు ఇచ్చిపోయిన్రు, తెల్సా? భయం లేకుంట ఇచ్చిన్రు.” ఈసారి ఆమె కళ్లల్లో ఆట లేదు.

అతని ముఖంలోనూ ఆట పోయింది. “పాసైతే?”

“మొదలు పాస్ అవ్వు.”

“పాసైతే పేరు వెట్టి పిలుస్తవా?”

ఆమె అతన్ని తప్పించుకుని లోపలికి నడిచింది. ఔననలేదు, కాదనీ అనలేదు.

నిమిషంలో అయిదు పోగులు అతకాలి. పందొమ్మిది మంది అతికారు. ఇరవయ్యో సాంచె ముందుకు ఆఫీసరు గడియారం పట్టుకుని వచ్చేసరికి మదన్ పోగు అందుకున్నాడు. మొదటి ముడి నిజంగానే జారింది. రెండోసారి కూడా జారింది. ఇన్నాళ్లూ ఆడిన నాటకం ఇప్పుడు వేళ్లకు అంటుకుని వదలడం లేదు.

అప్పుడు ఊర్మిళ నడిచి వచ్చి అతని పక్కన నిలబడింది. పోగు ముట్టలేదు. ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది, అంతే.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

అయిదో ముడి బిగిసింది. ఆఫీసరు గడియారం చూసి, “సరిగ్గ నిమిషం” అన్నాడు.

సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు ఊర్మిళ తొలిసారి పందొమ్మిది పేర్లు గట్టిగా చదివింది. ఒక్కొక్క పేరుకూ చప్పట్లు. మదన్ చొక్కా సర్దుకుని ముందుకు జరిగాడు.

“ఇరవై!” అంది ఊర్మిళ.

“గిది అన్యాలం టీచర్!”

“పిలుస్తనని నేను ఎప్పుడన్న?”

నెల తిరక్కుండా మదన్ తల్లి రంగనాయకమ్మ కొడుకును వెంటబెట్టుకుని మల్లాపూర్ వచ్చింది. ఊర్మిళ తండ్రి పోచయ్య మగ్గం గుంటలోంచి లేవలేదు.

“దొరసానీ, గడీల ఇంటికి నా బిడ్డ ఎందుకు?”

“గడీ ఏడుంది పోచయ్యా? ఎనిమిది సాంచెలున్నయి, అంతే. ఊర్మిళ నేర్పిన పిల్లలు నలుగురు వచ్చిన్రు, అవి నడుస్తున్నయి. వాళ్లకు నోరుంది, మావోనికి చెవులు వచ్చినయి. ఇంటికి టీచరమ్మ తక్కువైంది.”

పోచయ్య మగ్గం మీద బిగువుగా ఉన్న పోగును ఒకటి పుటుక్కున తెంపి మదన్ ముందుకు జరిపాడు. మదన్ చెప్పులు విడిచి గుంటలో దిగి అతికాడు. పోచయ్య ముడి మీద గోరు ఆడించి చూశాడు. గోరుకు ఏమీ తగల్లేదు.

“బిడ్డా,” అని లోపలికి కేకేశాడు, “ఛాయ్ పెట్టు.”

పెళ్లై ఊర్మిళ సిరిసిల్ల ఇంటి గడపలో అడుగు పెట్టబోతుంటే మదన్ చెల్లెలు శోభారాణి చేతులు అడ్డం పెట్టింది. గడప మీద బియ్యం చెంబు. కొత్తకోడలు దాన్ని కాలితో తన్ని లోపలికి రావాలి. అంతకంటే ముందు పెనిమిటి పేరు చెప్పాలి.

“పేరు చెప్పు వదినా! లేకుంటే లోపలికి రానియ్య.”

సాంచెల షెడ్డులోంచి నలుగురూ పరుగెత్తుకొచ్చారు. ఫజలుద్దీన్ పాన్ నమలడం ఆపాడు. మదన్ చెవులు రిక్కించాడు. మూడు నెలల క్లాసు, ఒక పరీక్ష, ఒక పెళ్లి దాటి ఇక్కడిదాకా వచ్చాడు ఈ ఒక్క మాట కోసం.

ఊర్మిళ తల వంచుకుని, సిగ్గుపడుతూ, స్పష్టంగా చెప్పింది.

“ఇరవై.”

“ప్రెజెంట్ టీచర్!” అన్నాడు మదన్ అలవాటుగా.

వాకిలంతా పగలబడి నవ్వింది. శోభారాణి నవ్వు ఆపుకోలేక చేతులు దించేసింది. ఆ సందడిలో ఊర్మిళ అతని చెవి దగ్గరికి వంగి, ఒక్క అతనికి మాత్రమే వినపడేటట్టు, పేరు పెట్టి పిలిచింది.

మదన్ అడుగు తడబడింది. చెంబు దొర్లింది, బియ్యం ఇంటినిండా పరుచుకున్నాయి.

తన్నాల్సింది పెళ్లికూతురు. తన్నింది ఇరవయ్యో నంబర్.