అద్దకం ఎక్కువైన అంగి

"అన్నా, అన్నం తెచ్చిన. మీ మొఖం సూడలేదు. తినుండ్రి."

తుంగలో కూసున్న దశరథం ఉలిక్కిపడ్డడు. గట్టు మీద గిన్నె పెట్టి, ఒక పిల్ల అటు మొఖం తిప్పుకొని నిలబడ్డది.

అన్నలు, అంటే నక్సలైట్లు, అడవిలో తిరిగే రోజులవి. వాళ్లకు బువ్వ పెట్టినోళ్లు మొఖం చూడరు. రేపు పోలీసులు అడిగితే చూడలేదని చెప్పొచ్చు. వీర్నపల్లి దిక్కున్న ఈ పక్షుల పార్కుకు బోర్డు ఉంది గాని గార్డు లేడు, ఎప్పుడో బదిలీ చేయించుకున్నడు. చెరువు నిండ గూడబాతులు, తెడ్డుమూతి కొంగలు.

దశరథం సిరిసిల్లలో సాంచాలు నడుపుతడు. వారమంతా ఆ మరమగ్గాల చప్పుడుకు చెవులు గింగురుమంటుంటే, కరెంటు సెలవు నాడు సైకిలెక్కి పక్షులను చూడవస్తడు. తెల్లంగికి కొంగలు బెదురుతున్నయని పాత పాంటు, అంగి ఆకుపచ్చ అద్దకంలో ముంచిండు. రంగు జర ఎక్కువ పట్టింది. అచ్చం అన్నల డ్రెస్సే! మెడల దుర్బీను ఒకటి.

నిజం చెప్దామని నోరు తెరిచిండు. కోడిగుడ్డు పులుసు వాసన కొట్టింది. మూసుకున్నడు.

తర్వాతి సెలవుకూ ఆ పిల్ల, పేరు నీల, గిన్నె తెచ్చింది. ఆ పైన కొంగలు చెరువులో ఉంటే దశరథం దుర్బీను ఊరి తోవ మీద ఉండేది.

ఒకనాడు ఆమె ధైర్యం చేసి ఇటు తిరిగింది. "ఒక మాట అన్నా. కల్లు కంట్రాక్టర్ కొడుకు విఠల్‌కు నన్నిస్తనంటుండు మా బాపు. గా విఠల్‌ది తాగుడే తాగుడు. మీరొక్క మాట చెప్పి పంపితే పెండ్లి ఆగుతది."

ఆగుతది, నిజమే. కాని ముసలాయనను ఉత్తపుణ్యానికి భయపెట్టాలె. తానేమో ఎప్పటికీ అన్నగానే మిగలాలె. నిజం చెప్తే ఈ పిల్ల మళ్లీ ఈ గట్టెక్కదు.

"నీలా, నేను అన్నను గాను."

"గట్లనే అంటరు. మీకు రూలుంటదట."

"తుపాకి ఏది మరి?"

"దాసిపెట్టిన్రు."

"సాంచాలు నడుపుకునేటోన్ని. పక్షులను సూడొచ్చిన."

నీల మొఖం ఎర్రబడ్డది. "పక్షులనా! తమ్ముడు ఏడ్సినా ఇయ్యకుంట గుడ్లన్నీ నీకే పెడితి గదరా! ముందే చెప్తే నీ నోరు పడిపోవునా?"

"చెప్తే నువ్వు రావు గద."

ఆమె గిన్నె అందుకుంది. పోలేదు. "ఇగ నా పెండ్లి ఎవరాపుతరు?"

"నేనే. నిన్ను నాకియ్యుమని మీ బాపును అడుగుత."

"సాలోల్ల పిలగానికి గౌండ్లోల్ల పిల్లనా? తాళ్లెక్కే మోకుతోని కొడతడు!"

పక్క తాటిచెట్టు మీదికెల్లి దగ్గు వినబడ్డది. నీల తలెత్తి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తండ్రి సారయ్య, గీస్తున్న కత్తి ఆపి, నడుముకు మోకుతో వేలాడుతున్నడు.

"బిడ్డా, గా పిలగాన్ని జరుగుమను. దిగుతున్న."

దశరథం పక్కకు జరిగిండు గాని ఉరకలేదు.

సారయ్య దిగి, దశరథాన్ని కిందికెల్లి మీదికి చూసిండు. "పొద్దటి సంది ఎక్కిన ప్రతి చెట్టు మీదికెల్లి సూస్తున్న. కొంగ రెక్క ఇప్పేదాంక కదలకుంట కూసున్నవు. గా విఠల్ గాడు కల్లు కుండ చెట్టు దిగేదాంక సుత ఆగడు." మోకు భుజానికేసుకున్నడు. "వచ్చే సెలవుకు మీ అవ్వను తోల్కొని రా. కాని గీ అంగి ఇప్పుడే ఇడువు. పోలీసోల్లు సూస్తే నా బిడ్డకు మొగడు మిగలడు."

దశరథం అక్కడికక్కడే గుండీలు విప్పవట్టిండు.

"గిక్కడ గాదు!" అని నీల మళ్లీ అటు తిరిగింది.