నీలం పోయిన పూట

పొద్దుట్నుంచీ ఆకాశం ఒక మాట మీద లేదు. మబ్బు పట్టడం, నాలుగు చినుకులు రాల్చడం, మళ్ళీ ఎండ కాయడం.

ల్యాబులోని చలిగదిలోంచి పరిశోధక విద్యార్థిని కేక వినిపించింది.

“నా నీలం ఏదీ?”

పక్క ల్యాబు కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. ఆమె గాజుగొట్టం ముందు కొయ్యబారిపోయి ఉంది. బుట్టలకొద్దీ పాలకూర రుబ్బి, వడగట్టి, తీసిన ప్రొటీను అది. ప్లాస్టోసయనిన్. నిన్న గొట్టంలో నీలంగా నిగనిగలాడింది. ఇవాళ దిగుతున్నది ఉత్త నీళ్ళలా ఉంది. మధ్యాహ్నానికి గైడుగారు వస్తారు. ఆయనకు చూపించలేకపోతే ఈ పని ఇంకొకరి చేతికి పోతుంది.

“అంతా కారిపోయింది. ఇవి వట్టి నీళ్ళే,” అంటూ ఆమె గొట్టం కింద పట్టిన పరీక్షనాళిక ఎత్తి సింకు వైపు వంచబోయింది.

అతను చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగాడు. చెబితే ఇక తన మొహం చూడదు. చెప్పకపోతే?

“ఆగు! పొద్దున గొట్టంలోకి వెళ్ళే నీ ద్రావణం సీసా నేనే నింపాను.”

“ఎవరు నింపమన్నారు నిన్ను?”

“ఎవరూ అనలేదు. అలవాటుగా విటమిన్ సి కూడా వేశాను. మా ఎంజైములు అది లేకపోతే పాడైపోతాయి.”

“నీ అలవాటు తగలెయ్య!” అని, అంతలోనే చెయ్యి ఆపేసింది. “ఏమన్నావ్? విటమిన్ సీనా?”

నాళికను వెలుతురుకు పట్టి చూసింది.

“దీని కడుపులో ఒక రాగి పరమాణువు ఉంటుంది. ఎలక్ట్రాన్ లేనప్పుడే నీలం. అందుకుందంటే రంగు పోతుంది. ఆకులో దీని పనే అది, ఒకరి దగ్గర పుచ్చుకుని ఇంకొకరికి అప్పజెప్పడం. నువ్వు వేసిందే దీనికి ఎలక్ట్రాన్ ఇచ్చి ఉండాలి.”

“అయితే పోలేదా?”

“చూస్తే గానీ తెలీదు. ఆ ఫెర్రిసయనైడ్ ఇలా ఇవ్వు. ఎలక్ట్రాన్ని అది లాగేసుకుంటుంది.”

వరండాలో గైడుగారి బూట్ల చప్పుడు. ఆమె సీసా మూత తీసింది. అతను నాళిక పట్టుకున్నాడు. చుక్క పడింది. ఏమీ లేదు. ఇంకో చుక్క. అడుగునుంచి మెల్లగా, సిరా విచ్చుకున్నట్టు, నీలం.

గైడుగారు తొంగి చూసి, “ఊఁ, కానివ్వండి,” అని వెళ్ళిపోయారు.

ఇద్దరూ బయటికొచ్చి బల్ల మీద కూలబడ్డారు.

“నా సీసాలు నింపడానికేనా బాబూ, రోజూ ఇటు తగలడేది?”

“కాదు.”

“మరి?”

“నువ్వంటే ఇష్టం.”

“ఆ ముక్క ఇన్నాళ్ళూ మోసుకు తిరిగావా? మొద్దు!”

ఆమె అన్నం డబ్బా తెరిచి, సగం మూతలోకి తీసి అతని వైపు జరిపింది. ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు.