అలమరాలో ఆఫీసు

పొద్దున లేవగానే అత్తగారు హాల్లో తన పరుపు చుట్టి, సోఫా వెనక దూర్చేసింది. పరుపు లేచిందో లేదో కోడలు గోడ అలమరా తలుపులు బార్లా తెరిచి తన ఆఫీసు బయటికి తీసింది. ఒకటి మూస్తే గాని రెండోది తెరుచుకోవడానికి ఆ ఇంట్లో చోటు లేదు. ఒక హాలు, ఒక పడకగది, ఇద్దరు నిలబడితే మూడో మనిషి తలుపు దగ్గరే ఆగిపోవాల్సిన వంటిల్లు. అంతే ఆ ఇల్లు.

ఆఫీసంటే అలమరా లోపల ఒక మడత బల్ల, లాప్‌టాప్, చిన్న అద్దం, బొమ్మల అట్టలు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళకీ, మాట తడబడే పిల్లలకీ వీడియోలో మళ్ళీ మాట నేర్పడం ఆమె పని. ఆ అలమరాకి గోడ రంగే వేయించి, పిడి కూడా లేకుండా తలుపులు చేయించింది ఆమె భర్త. మూసేస్తే అక్కడొక అలమరా ఉందని కూడా ఎవరికీ తెలియదు. ఇంటికి వచ్చినవాళ్ళకి ఆ పనితనం చూపించి మురిసిపోవాలని అతనికి మహా సరదా. కానీ చూపిస్తే లోపల దాచిందేమిటో బయటపడుతుంది కనక ఆ ముచ్చట తీరకుండానే ఉండిపోయింది.

"సాయంత్రం మా మేనేజరుగారూ, వాళ్ళావిడా టీకి వస్తున్నారు," అన్నాడు అతను తల తుడుచుకుంటూ. "వాళ్ళొచ్చేసరికి నీ కొట్టు కట్టెయ్."

ఆమె పనిని 'కొట్టు' అనడం అతనికి అలవాటు. విని ఊరుకోవడం ఆమెకి అలవాటు. ఆరోజు మాత్రం ఎందుకో చివుక్కుమంది.

"ఎప్పుడొస్తారు?"

"ఆరు దాటాక."

"అయితే ఫరవాలేదు. ఆలోగా డ్రైవరుగారి క్లాసు అయిపోతుంది. ముందే తీసుకొచ్చెయ్యకండి."

"వస్తే మాత్రం ఏముంది? అలమరా తలుపులు మూసేస్తే సరి."

"లోపల నేనుంటాను కదండీ!"

అతను పెద్దగా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"పోనీ, ఆ బల్ల పడకగదిలో వేసుకుంటాను. మీ సైకిలొక్కటి తీసేస్తే చోటు సరిపోతుంది. తలుపు వేసుకుంటే ఎవరికీ అడ్డం ఉండదు."

"సైకిలు జోలికి రాకు. రేపట్నుంచి మొదలుపెడుతున్నాను."

వ్యాయామం కోసం ఆ సైకిలు కొన్నప్పటి నుంచీ అతను రేపట్నుంచే మొదలుపెడుతున్నాడు. ఈలోగా దాని మీద అతని చొక్కాలూ తువ్వాళ్ళూ స్వారీ చేస్తున్నాయి. అత్తగారు ఇద్దరి వంకా ఒకసారి చూసి, టీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం తెర మీదికి డ్రైవరుగారు వచ్చారు. ఏళ్ళ తరబడి బస్సు నడిపిన మనిషి. రోడ్డు మీద ఎవరు అడ్డం వచ్చినా కిటికీలోంచి తల బయటపెట్టి కడిగేసేవారని ఆయన కూతురు చెప్తుంటుంది. పక్షవాతం వచ్చాక ఆ నోట 'లేదు' అన్న మాటొక్కటే మిగిలింది. ఆకలేసినా లేదు, నొప్పెట్టినా లేదు. ఆ ఒక్క మాటతోనే ఇంట్లో అందరినీ కోప్పడతారు, ఆ ఒక్క మాటతోనే ఏడుస్తారు.

"తొందరేం లేదండీ. నా పెదాలు చూడండి," అంది ఆమె, పక్కనున్న కూతురి చేతిలోని కప్పు చూపిస్తూ. "ఏం కావాలో మీరే అడగాలి. అడిగితేనే ఇస్తారు."

"టీ..." అన్నారాయన. నుదుటి మీద నరం ఉబ్బింది. "టీ... కా..."

కూతురు ఊపిరి బిగబట్టింది. ఈమె కూడా.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. "రండి సార్, రండి మేడమ్," అంటూ భర్త గొంతు, దాని వెనకే చెప్పులు విప్పుతున్న చప్పుడు. ఇంకా ఎండైనా తగ్గలేదు. ఆమె వెనక్కి తిరగకుండానే చెయ్యి ఎత్తి, కాసేపు ఆగమన్నట్టు సైగ చేసింది. అతను నవ్వుమొహంతో గబగబా వచ్చాడు. ఆమె భుజం మీదుగా వంగి లాప్‌టాప్ మూత దించేశాడు. ఆమె లేచేదాకా ఆగి బల్ల మడిచి, తలుపులు దగ్గరికి నొక్కేశాడు. గోడ మళ్ళీ గోడైపోయింది.

"మీరేం చేస్తుంటారండీ?" అని అడిగింది మేనేజరుగారి భార్య ఆమెని, సోఫాలో కూర్చుంటూ.

ఆమె నోరు తెరిచేలోపే అతను అందుకున్నాడు. "ఇంట్లోనే ఉంటుందండీ. ఏదో కాలక్షేపానికి అదీ ఇదీ చేస్తుంటుంది."

"మీ ఇల్లు చిన్నదైనా ఎంత పొందిగ్గా ఉందో! మరి మీ అమ్మగారికి గది ఎక్కడ?"

"అదేనండీ అమ్మ గది," అని పడకగది వైపు చెయ్యి చూపించాడు అతను, రెప్పైనా వెయ్యకుండా.

అత్తగారు బిస్కెట్ల పళ్ళెం బల్ల మీద పెడుతోంది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మామూలుగానే, "తీసుకోండమ్మా," అంది.

వాళ్ళు వెళ్ళీ వెళ్ళగానే కోడలు ఫోను తీసి డ్రైవరుగారి కూతురికి చేసింది. క్షమించమని అడిగింది. అవతల నుంచి కూతురు నిష్ఠూరంగా ఏమీ అనలేదు. "తెర నల్లబడగానే ఇటు తిరిగి నా మొహం చూశారండీ. తనేదో తప్పుగా అన్నాననుకున్నట్టున్నారు. అప్పట్నుంచీ గోడవైపు తిరిగి పడుకున్నారు. 'లేదు' అని కూడా అనడం లేదు," అంది. అదే ఆమెకి చెంపదెబ్బలా తగిలింది.

ఫోను పెట్టేసి భర్త ముందుకొచ్చి నిలబడింది.

"ఆయన నోటిదాకా వచ్చిన మాటండీ. మూత పెట్టేశారు."

"ఒక్క పూటకి ఇంత రాద్ధాంతమా? రేపు మళ్ళీ చెప్పించు. ఆ మాటేమైనా పారిపోతుందా?"

"పారిపోతుంది. ఒకసారి బెదిరితే పారిపోతుంది. అది మీకెలా తెలుస్తుంది? నేనేం చేస్తానో ఎప్పుడైనా పక్కన కూర్చుని చూశారా? కాలక్షేపమట!"

"మరేం చెప్పమంటావు? మా ఆవిడ అలమరాలో కూర్చుని పని చేస్తుందని చెప్పనా? ఇల్లు ఇల్లులా కనపడాలి. నలుగురూ వచ్చిపోయే చోటు."

"నలుగురూ ఎప్పుడో వస్తారు. మేం రోజూ ఉంటాం! ఎవరు బెల్లు కొట్టినా దొంగసొత్తులా నా పని లోపలికి తొయ్యాలి. ఇంక నా వల్ల కాదు. దాచిపెట్టుకోవడానికి నేనేమైనా సామానునా?"

ఆమె గొంతు ఎప్పుడూ అంత పైకి లేవలేదు. అతను తల్లి వైపు తిరిగాడు. "చూశావా అమ్మా, నువ్వైనా చెప్పు."

అత్తగారు సోఫా వెనక్కి వంగి పరుపు లాగుతోంది. ఇంకా దీపాలు పెట్టే వేళే. అంత పెందలాడే ఆవిడ ఎప్పుడూ పరుపు తియ్యలేదు. దాన్ని హాలు మధ్యలో పరిచి, దాని మీద కూర్చుని, కాళ్ళు చాపుకుంది.

"చెప్తానురా. దాని బల్ల మూసేశావు, అది అరిచింది. నన్ను మూసేస్తే నేనెవరి మీద అరవను?"

"నిన్నెవరు మూసేశారమ్మా?"

"ఆ గది నాదని చెప్పావు కదా. అందులో నేను ఒక్క కునుకు తీసిందెప్పుడో నువ్వే చెప్పు. తెల్లారి చుట్టిన పరుపు మళ్ళీ అందరూ పడుకునేదాకా విప్పే వీల్లేదు. పగలు నడుం పట్టేస్తే వంటింట్లో పీట మీద కూర్చుని గోడకి చేరబడతాను. పోపు పెట్టాలన్నా క్లాసు అయ్యేదాకా ఆగుతాను. దగ్గొస్తే కుళాయి తిప్పి, ఆ చప్పుడులో దగ్గుతాను."

కోడలు వంటింటి వైపు చూసింది. క్లాసు మధ్యలో వంటింటి కుళాయి చప్పుడు వినపడితే తనెన్నిసార్లు విసుక్కుందో! 'నీళ్ళన్నీ పారబోస్తున్నారు అత్తయ్యా' అని మొహం మీదే అనేసిన రోజులూ ఉన్నాయి. 'హాల్లోకి రాకండి, కెమెరాలో పడతారు' అని మొదటి రోజు చెప్పింది కూడా తనే. ఎంత మామూలుగా చెప్పిందో, చెప్పిన సంగతే మర్చిపోయింది. తన అలమరాకి తలుపులు బిగించింది భర్త అయితే, ఈ ముసలావిడని వంటింట్లో పెట్టి తలుపు వేసింది తను కాదూ?

వెళ్ళి పరుపు మీద ఆవిడ పక్కన కూలబడింది. "అత్తయ్యా, ఒక్క మాట చెప్పకపోయారా నాకు?"

"ఏం చెప్పనే అమ్మాయ్? అవతల ఎవరో మనిషి మాట కోసం పెనుగులాడుతుంటే, నడుం నొప్పని మధ్యలో వచ్చి చెప్పనా? లోపల్నుంచి అన్నీ వింటూనే ఉన్నాను. ఇవాళ ఆయన 'కా' అన్నప్పుడు నేనూ అక్కడ గరిటె పట్టుకుని నిలబడిపోయాను."

అంతే, కోడలు ఆవిడ ఒళ్ళో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. అత్తగారు ఆమె జుట్టు నిమురుతూ, కొడుకు మొహంకేసి చూడనైనా చూడలేదు.

అతను పడకగదిలోకి వెళ్ళాడు. చొక్కాలు మంచం మీద విసిరేసిన చప్పుడు వినిపించింది. సైకిలు గుమ్మంలో ఇరుక్కుంది. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, వేలు నలిగి కేకపెట్టి, సణుక్కుంటూనే బయట వరండాలోకి ఈడ్చుకెళ్ళాడు. తిరిగొచ్చి, ఎటో చూస్తూ, "ఆ మడత బల్ల ఎలా ఊడుతుందో చెప్పు," అన్నాడు. అంతకన్నా పెద్ద క్షమాపణ అతని నోట వస్తుందని ఆ ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ ఎదురుచూడలేదు.

డ్రైవరుగారు వెంటనే దారికి రాలేదు. రెండుమూడు క్లాసులు అలిగి కూర్చున్నారు. తర్వాత మెల్లగా 'టీ' దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టారు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం పడకగది తలుపు వేసుకుని ఆయనకి పాఠం చెప్తుంటే, వీధి బెల్లు మోగింది. అలవాటుగా ఆమె చెయ్యి లాప్‌టాప్ మూత మీదికి వెళ్ళింది. ఎవరో పైఅంతస్తు ఆయన గొంతు. ఏదో మాట్లాడాలి, లోపలికి రావచ్చా అని అడుగుతున్నాడు.

"ఇప్పుడు కాదండీ," అంటున్నాడు భర్త, గొంతు తగ్గించి. "హాల్లో మా అమ్మ పడుకుంది. లోపల మా ఆవిడ ఆఫీసు నడుస్తోంది. సాయంత్రం రండి, తీరిగ్గా మాట్లాడుకుందాం."

తలుపు మెల్లగా పడింది. ఆమె చెయ్యి మూత మీదనుంచి తీసేసి, కళ్ళు తుడుచుకుని, "మీరు కానివ్వండి, వింటున్నాను," అంది తెర మీది మనిషితో.